లినక్స్‌లో బ్రౌజర్ ట్యాబ్‌లతో ఇబ్బందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉబుంటు, లినక్స్ మింట్, ఫెడోరా, డెబియన్ లాంటి డెస్క్‌టాప్‌ల మీద ఫైర్‌ఫాక్స్, క్రోమ్, క్రోమియం వాడేవాళ్ల కోసం ఈ పేజీ. ట్యాబ్ మాయమైనా, నల్లబడినా, బిగుసుకుపోయినా చాలామంది ముందు చేసేది బ్రౌజర్‌ను పదే పదే మూసి తెరవడం. అప్పటికీ కుదరకపోతే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. అసలు నష్టం ఎక్కువగా జరిగేది ఈ రెండు పనుల వల్లే. ట్యాబ్‌ను ఆపింది ఆ వెబ్‌సైటా, బ్రౌజరా, డెస్క్‌టాపా, కెర్నలా (లినక్స్‌లో అన్నింటికీ కింద నడిచే మూల ప్రోగ్రామ్) అన్నది ముందు తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇక్కడ ఆదేశాలు, ఫైళ్ల పేర్లు పలికే తీరులో రాశాను. టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి.

నిన్న తెరిచి ఉంచిన ట్యాబ్‌లన్నీ పోయాయి. తిరిగి వస్తాయా?

చాలాసార్లు వస్తాయి. కంగారుపడి బ్రౌజర్‌ను మళ్లీ మళ్లీ మూసి తెరవకుండా ఉంటే చాలు.

ముందు సులువైన దారి చూడండి. కంట్రోల్+షిఫ్ట్+టి నొక్కితే చివరగా మూసిన ట్యాబ్ వస్తుంది, నొక్కుతూ పోతే అంతకుముందువి వరసగా వస్తాయి. మూసింది విండో మొత్తమైతే ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్+షిఫ్ట్+ఎన్. క్రోమ్‌లో ఇవే కీలు ఇన్‌కాగ్నిటో విండో తెరుస్తాయి కాబట్టి అక్కడ కంట్రోల్+షిఫ్ట్+టి తోనే సరిపెట్టుకోవాలి, అది మూసిన విండోలను కూడా తెస్తుంది. ఫైర్‌ఫాక్స్ మెనూలో హిస్టరీ కింద "రిస్టోర్ ప్రీవియస్ సెషన్" అని ఉంటుంది. అది నొక్కడానికి వీలుగా కనిపిస్తుంటే ఇంకేమీ చేయక్కర్లేదు.

అవేవీ పనిచేయకపోతే ఫైళ్ల దగ్గరికి వెళ్లాలి. ఫైర్‌ఫాక్స్ మీ ట్యాబ్‌ల జాబితాను మామూలుగా ప్రతి 15 సెకన్లకు ఒకసారి డిస్క్ మీద రాసుకుంటూ ఉంటుంది. అడ్రస్ బార్‌లో అబౌట్:సపోర్ట్ కొట్టండి. "ప్రొఫైల్ డైరెక్టరీ" (ప్రొఫైల్ అంటే మీ ట్యాబ్‌లు, బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు, సెట్టింగ్స్ ఉండే ఫోల్డర్) అన్న వరసలో ఫోల్డర్ చిరునామా, పక్కనే దాన్ని తెరిచే బటన్ ఉంటాయి. ఫోల్డర్ తెరిచాక ఫైర్‌ఫాక్స్‌ను పూర్తిగా మూసేయండి. మూయకపోతే మీరు పెట్టిన ఫైలు మీద అది తన ఫైలు రాసేస్తుంది. ఇప్పుడు అందులోని "సెషన్‌స్టోర్-బ్యాకప్స్" ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేసి డెస్క్‌టాప్ మీద పెట్టుకోండి. తర్వాత ఏం తేడా చేసినా వెనక్కి రావడానికి ఈ కాపీయే దిక్కు.

ఆ ఫోల్డర్‌లో సాధారణంగా నాలుగు రకాల ఫైళ్లు కనిపిస్తాయి. "రికవరీ" అన్నది బ్రౌజర్ నడుస్తుండగా రాసుకున్న తాజా జాబితా. "రికవరీ.బ్యాక్" దానికి ముందుది. "ప్రీవియస్" అంతకుముందు సెషన్‌ది. "అప్‌గ్రేడ్" అన్న పేరుతో మొదలయ్యేవి వెర్షన్ మారినప్పుడు పక్కన పెట్టినవి. వీటిలో ఏది కావాలో ఫైలు సైజు, తేదీ చూస్తే తెలిసిపోతుంది. అరవై ట్యాబ్‌లు పోయి ఖాళీ ట్యాబ్ ఒక్కటే మిగిలిందనుకోండి: ఈ ఉదయం తేదీ ఉన్న ఫైలు కొద్ది కిలోబైట్లే ఉంటుంది, నిన్న రాత్రి తేదీ ఉన్నది దానికన్నా ఎన్నో రెట్లు పెద్దగా ఉంటుంది. మీ ట్యాబ్‌లు ఉన్నది ఆ పెద్దదానిలో. దాన్ని కాపీ చేసి, ఒక మెట్టు పైన, అంటే ప్రొఫైల్ ఫోల్డర్‌లోనే పెట్టి, "సెషన్‌స్టోర్" అని పేరు మార్చండి. చివర పొడిగింపు జేసన్-ఎల్‌జెడ్4 అనే ఉండాలి. పాత సెషన్‌స్టోర్ ఫైలు అక్కడ ఉంటే దాన్ని పక్కకు తీయండి. ఫైర్‌ఫాక్స్ తెరిచి చూడండి, అవసరమైతే "రిస్టోర్ ప్రీవియస్ సెషన్" నొక్కండి.

మూసి తెరవడం ఎందుకు వద్దన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అలా తెరిచిన ప్రతిసారీ ఖాళీ సెషన్ ఒకటి పుట్టి, "ప్రీవియస్" ఫైలు స్థానాన్ని ఆక్రమిస్తుంది. రెండు మూడు సార్లు చేస్తే మంచి కాపీ మిగలదు.

క్రోమ్‌లో ప్రొఫైల్ లోపల "సెషన్స్" అనే ఫోల్డర్ ఉంటుంది కానీ, దానితో తంటాలు పడటం కంటే కంట్రోల్+హెచ్ నొక్కి హిస్టరీలోంచి ఏరుకోవడమే తొందరగా అవుతుంది. ప్రైవేట్ విండోలో తెరిచినవి ఏ బ్రౌజర్‌లోనైనా డిస్క్ మీదికి చేరవు కాబట్టి అవి పోతే పోయినట్టే.

సెట్టింగ్స్‌లో పాత ట్యాబ్‌లు తెరవమని పెట్టినా రెండో విండోలోవి రావట్లేదు. ఎందుకు?

విండోలను ఒక్కొక్కటిగా మూస్తున్నారేమో చూసుకోండి. లినక్స్‌లో ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంటూ వెళ్తే చివరగా మూసిన విండోనే "గత సెషన్" అవుతుంది. పిన్ చేసిన ట్యాబ్‌లు మొదట మూసిన విండోలో ఉంటే అవి కూడా రావు. మెనూలోని క్విట్ నొక్కి ఒకేసారి బయటికి రండి, అన్నీ వస్తాయి. ఇప్పటికే పోయినవాటిని హిస్టరీ కింద "రీసెంట్లీ క్లోజ్డ్ విండోస్"లో చూడండి.

ఇంకో కారణం ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఉంటుంది. బ్రౌజర్ మూయగానే హిస్టరీ చెరిపేయమని పెట్టి ఉంటే ట్యాబ్‌ల జాబితా కూడా దాంతో పాటే పోతుంది.

ఎప్పుడు తెరిచినా వారం కిందటి ట్యాబ్‌లే వస్తున్నాయి, కొత్తవి గుర్తుండట్లేదు.

అంటే బ్రౌజర్ రాయాలనుకుంటోంది, రాయలేకపోతోంది. ముందు డిస్క్ నిండిందేమో చూడండి. టెర్మినల్‌లో డీఎఫ్ -హెచ్ కొడితే హోమ్ ఉన్న పార్టిషన్‌లో ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. నూటికి నూరు శాతం అని కనిపిస్తే జబ్బు దొరికినట్టే.

ఖాళీ ఉంటే ఫైళ్ల యజమాని ఎవరో చూడాలి. పాత కంప్యూటర్ నుంచి ప్రొఫైల్‌ను సుడో (అడ్మిన్ హక్కులతో ఆదేశం నడిపేది) వాడి కాపీ చేసినవాళ్లకు ఇది తరచుగా ఎదురయ్యే చిక్కు. ఫైళ్లు రూట్ (అడ్మిన్) పేరు మీద ఉండిపోతాయి, మీ పేరుతో నడిచే బ్రౌజర్ వాటిని మార్చలేదు. చోన్ -ఆర్ ఆదేశంతో ఆ ఫోల్డర్‌ను మీ యూజర్ పేరు మీదికి మార్చుకుంటే సరిపోతుంది.

బ్రౌజర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే బాగవదా?

దాదాపు ఎప్పుడూ బాగవదు. ఏప్ట్, డీఎన్ఎఫ్ లాంటి ప్యాకేజ్ మేనేజర్‌తో (ప్రోగ్రామ్‌లు పెట్టే, తీసే సాధనం) తీసేస్తే పోయేది ప్రోగ్రామ్ మాత్రమే. మీ ప్రొఫైల్ హోమ్ ఫోల్డర్‌లో ఉంటుంది, దాన్ని ప్యాకేజ్ మేనేజర్ ముట్టుకోదు. ఇబ్బంది ప్రొఫైల్‌లో ఉంటే మళ్లీ ఇన్‌స్టాల్ చేశాక కూడా అలాగే ఎదురుచూస్తూ ఉంటుంది.

స్నాప్ (ఉబుంటు ప్రోగ్రామ్‌లను ఇచ్చే ఇంకో రకం ప్యాకేజీ) విషయంలో మాత్రం జాగ్రత్త. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తోంది. దాని ప్రొఫైల్ హోమ్‌లోని స్నాప్ ఫోల్డర్‌లో, ఫైర్‌ఫాక్స్ కింద, కామన్ అనే చోట ఉంటుంది. స్నాప్ రిమూవ్ కొడితే ఆ డేటా కూడా పోతుంది. పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు, ట్యాబ్‌లు అన్నీ. మామూలుగా అయితే తీసేసేటప్పుడు స్నాప్ తనంతట తానే ఒక స్నాప్‌షాట్ దాచి 31 రోజులు ఉంచుతుంది. స్నాప్ సేవ్డ్ అని కొడితే దాని నంబర్ కనిపిస్తుంది, స్నాప్ రిస్టోర్ తర్వాత ఆ నంబర్ ఇస్తే డేటా తిరిగి వస్తుంది. పర్జ్ అన్న ఆప్షన్‌తో తీసేసిన వాళ్లకు ఆ అవకాశం కూడా ఉండదు. ఎవరైనా సలహా ఇస్తూ పర్జ్ అని రాస్తే దయచేసి ఒక్క నిమిషం ఆగి, ప్రొఫైల్ కాపీ తీసుకున్నాకే ముందుకెళ్లండి.

ఇబ్బంది ప్రొఫైల్‌దో కాదో తేల్చుకోవడానికి మంచి దారి ఉంది. అబౌట్:ప్రొఫైల్స్‌కు వెళ్లి కొత్త ప్రొఫైల్ ఒకటి తయారు చేసి దాంట్లో చూడండి. అక్కడ అంతా సవ్యంగా ఉంటే తప్పు మీ ఎక్స్‌టెన్షన్‌లలోనో సెట్టింగ్స్‌లోనో ఉన్నట్టు. పాత ప్రొఫైల్ చెక్కుచెదరదు.

పని మధ్యలో ట్యాబ్ క్రాష్ అయిందని చూపిస్తోంది. తప్పు ఎవరిది?

మిగతా ట్యాబ్‌లు నడుస్తూ ఈ ఒక్కటే పడిపోయిందంటే, ఆ ట్యాబ్‌ను నడిపే ప్రాసెస్ చనిపోయిందని అర్థం. అది తనంతట తాను చనిపోయిందా, బయటి నుంచి ఎవరైనా చంపారా అన్నదే చూడాల్సింది.

క్రోమ్ తన "ఆ, స్నాప్!" పేజీలో కింద ఎర్రర్ కోడ్ ఇస్తుంది. సిగ్‌కిల్ అని ఉంటే బయటి నుంచి చంపారు, ఎక్కువగా మెమరీ చాలక. సిగ్‌సెగ్‌వీ, సిగ్‌ట్రాప్ లాంటివి ఉంటే ప్రోగ్రామ్ లోపలే ఏదో తేడా జరిగింది. ఫైర్‌ఫాక్స్ అయితే అబౌట్:క్రాషెస్‌లో ఆ క్రాష్ నమోదైందేమో చూడండి.

మెమరీ సంగతి తేల్చుకోవడానికి టెర్మినల్‌లో సుడో జర్నల్‌సీటీఎల్ -కె కొట్టి కిందికి వెళ్లండి. "అవుట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్" అన్న మాటలతో, పక్కన ప్రాసెస్ నంబర్, క్రోమ్ పేరో ఫైర్‌ఫాక్స్ ప్రాసెస్ పేరో, అది పట్టుకుని ఉన్న మెమరీ కిలోబైట్లలో కనిపిస్తాయి. ఆ వరస కనిపించిందంటే ట్యాబ్‌ను ఆపింది కెర్నలే. ర్యామ్, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ భాగం) రెండూ అయిపోయినప్పుడు కెర్నల్ నడుస్తున్న ప్రాసెస్‌లకు స్కోర్లు వేసి ఎక్కువ స్కోరు ఉన్నదాన్ని ఆపేస్తుంది. క్రోమ్ తన ట్యాబ్ ప్రాసెస్‌ల స్కోరును తానే పెంచి ఉంచుతుంది, కష్టకాలంలో బ్రౌజర్ మొత్తం కాకుండా ఒక ట్యాబ్ మాత్రమే పోవాలని. కాబట్టి మీకు కనిపించిన ఆ క్రాష్ పేజీ నిజానికి మిగతా ట్యాబ్‌లను కాపాడినట్టే.

క్రోమ్‌ను డాకర్ కంటైనర్‌లో నడిపేవాళ్లకు ఇంకో కారణం ఉంది. అక్కడ షేర్డ్ మెమరీకి మామూలుగా ఇచ్చేది 64 మెగాబైట్లే. కాస్త బరువైన పేజీకే అది చాలదు. కంటైనర్ మొదలుపెట్టేటప్పుడు ఎస్‌హెచ్ఎం-సైజ్ పెంచితే సరిపోతుంది.

నాకు ఒక ట్యాబ్ కాదు, బ్రౌజర్ మొత్తం మాయమవుతోంది. మెసేజ్ కూడా ఉండదు.

ఉబుంటు 22.04 లేదా ఆ తర్వాతిది, లేకపోతే ఫెడోరా వాడుతున్నారా? అయితే సిస్టమ్‌డీ-ఊమ్‌డీ అనే ప్రోగ్రామ్ పని కావచ్చు. ర్యామ్ పూర్తిగా అయిపోయి కంప్యూటర్ కదలకుండా బిగుసుకుపోక ముందే కలగజేసుకోవడం దాని ఉద్యోగం. కెర్నల్ ఒక ప్రాసెస్‌ను ఎంచుకుంటే, ఇది ప్రాసెస్‌ల గుంపును మొత్తంగా ఆపేస్తుంది. బ్రౌజర్, దాని ట్యాబ్‌లు అన్నీ ఒకే గుంపు కాబట్టి విండో ఉన్నపళంగా మాయమవుతుంది. ఉబుంటులో ఇది వచ్చిన కొత్తలో చాలామంది బ్రౌజర్ పాడైందనే అనుకున్నారు.

జర్నల్‌సీటీఎల్ -యు సిస్టమ్‌డీ-ఊమ్‌డీ అని కొడితే అది ఎప్పుడు దేన్ని ఆపిందో సమయంతో సహా ఉంటుంది. మాయమైన సమయంతో సరిపోల్చుకోండి.

దాన్ని ఆపేయమని చాలాచోట్ల సలహా ఇస్తారు. నేనైతే ముందు స్వాప్ పెంచమంటాను. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో స్వాప్ ఒకటో రెండో జీబీలే ఉంటే, ఊమ్‌డీని ఆపాక బ్రౌజర్ మాయమవదు కానీ మౌస్ కూడా కదలని స్థితి వస్తుంది. అప్పుడు పవర్ బటన్ నొక్కిపట్టడం తప్ప దారి ఉండదు, సేవ్ చేయని పనంతా పోతుంది. స్వాప్ ఫైలు పెంచండి, లేదా ర్యామ్‌లోనే కుదించి దాచే జెడ్‌ర్యామ్ పెట్టుకోండి. ఫెడోరా 33 నుంచి జెడ్‌ర్యామ్ మామూలుగానే వస్తోంది. స్లాట్ ఉంటే ఇంకో ర్యామ్ ముక్క వేయించుకోవడం అన్నింటికన్నా మేలు.

ట్యాబ్‌లు ఎక్కువై కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది. కానీ ఏదీ మూయలేను.

మూయక్కర్లేదు. షిఫ్ట్+ఎస్కేప్ నొక్కండి. క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మెమరీ, సీపీయూ ఏ ట్యాబ్ తింటోందో అక్కడే తెలుస్తుంది. వాడని ట్యాబ్ ఒకటి సీపీయూను నిరంతరం వాడుతుండటం, ఏదో ఎక్స్‌టెన్షన్ అన్ని ట్యాబ్‌ల కంటే ఎక్కువ మెమరీ పట్టుకుని ఉండటం ఇక్కడ తరచుగా బయటపడతాయి.

ఫైర్‌ఫాక్స్ 140 నుంచి ట్యాబ్ మీద కుడి క్లిక్ చేస్తే "అన్‌లోడ్ ట్యాబ్" ఉంటుంది. ట్యాబ్ పైన వరసలో అలాగే ఉంటుంది, మెమరీ మాత్రం వదిలేస్తుంది. దాని మీద నొక్కినప్పుడు పేజీ మళ్లీ లోడ్ అవుతుంది. పాత వెర్షన్లలో అబౌట్:అన్‌లోడ్స్ పేజీతో ఇదే పని చేయవచ్చు. క్రోమ్‌లో సెట్టింగ్స్ కింద పెర్ఫార్మెన్స్‌లో మెమరీ సేవర్ ఆన్ చేసుకోండి. సగం నింపిన దరఖాస్తు ఫారం ఉన్న ట్యాబ్‌ను మాత్రం అన్‌లోడ్ చేయకండి, రాసింది పోవచ్చు.

కొత్త ట్యాబ్ తెరిస్తే పేజీకి బదులు ఫైర్‌ఫాక్స్‌ను రీస్టార్ట్ చేయమంటోంది. వైరస్సా?

కాదు. మీరు పనిచేసుకుంటుండగా వెనక ప్యాకేజ్ మేనేజర్ ఫైర్‌ఫాక్స్‌ను అప్‌డేట్ చేసేసింది. మెమరీలో నడుస్తున్నది పాత వెర్షన్, డిస్క్ మీద ఉన్నది కొత్తది. కొత్త ట్యాబ్ కోసం కొత్త ప్రాసెస్ మొదలుపెట్టబోతే రెండూ పొసగవు కాబట్టి అలా అడుగుతుంది. ఇప్పటికే తెరిచి ఉన్న ట్యాబ్‌లో ఏదైనా రాస్తుంటే ముందు అది పూర్తి చేసుకోండి, ఆ తర్వాత రీస్టార్ట్ నొక్కండి. ట్యాబ్‌లన్నీ తిరిగి వస్తాయి. ఏప్ట్, డీఎన్ఎఫ్ ద్వారా వచ్చే ఫైర్‌ఫాక్స్‌లో ఇది మామూలే.

స్నాప్‌లో ఈ బాధ తక్కువ. బ్రౌజర్ తెరిచి ఉన్నంతసేపు అప్‌డేట్ ఆగి, ఇన్ని రోజుల్లోగా మూయండని నోటిఫికేషన్ ఇస్తుంది. వీలున్నప్పుడు ఒకసారి పూర్తిగా మూసి, కాసేపు ఆగి తెరవండి.

ఒక ట్యాబ్ మూద్దామని నొక్కితే అన్నీ మూతపడ్డాయి.

కంట్రోల్+డబ్ల్యూ ఒక ట్యాబ్‌ను మూస్తుంది. పక్కనే ఉన్న క్యూ మీద వేలు పడితే ఫైర్‌ఫాక్స్ మొత్తం మూసుకుపోతుంది. సెట్టింగ్స్‌లో జనరల్ కింద, మూసే ముందు అడగమనే ఆప్షన్లను టిక్ చేసుకోండి. అసలు ఆ షార్ట్‌కట్టే వద్దనుకుంటే అబౌట్:కాన్ఫిగ్‌లో "క్విట్‌షార్ట్‌కట్" అని వెతికి, డిసేబుల్డ్ అని ముగిసే వరసను ట్రూ చేయండి.

ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద ఇంకో చిక్కు ఉంది. లినక్స్‌లో మూడు వేళ్లతో తట్టడం మౌస్ మధ్య బటన్ నొక్కినట్టు లెక్క. ట్యాబ్ మీద మధ్య బటన్ నొక్కితే ట్యాబ్ మూసుకుంటుంది. పాయింటర్ ట్యాబ్‌ల వరస మీద ఉండగా మూడో వేలు తగిలితే చాలు. మీరేమీ చేయకుండానే ట్యాబ్‌లు పోతున్నాయని అనిపిస్తుంటే ఇదేనేమో గమనించండి. కంట్రోల్+షిఫ్ట్+టి కొడితే పోయింది వస్తుంది.

తెలుగు కీబోర్డ్ ఆన్‌లో ఉన్నప్పుడు షార్ట్‌కట్‌లు పలకకపోతే సూపర్+స్పేస్ నొక్కి ఇంగ్లీష్‌కు మార్చి చూడండి.

ట్యాబ్ మారిస్తే లోపలంతా నలుపు, లేదా ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది.

ఇది ఎక్కువగా గ్రాఫిక్స్ డ్రైవర్ సమస్య. తేల్చుకోవడానికి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (తెర మీద గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించడం) ఆపి చూడండి. ఫైర్‌ఫాక్స్‌లో జనరల్ కింద పెర్ఫార్మెన్స్ దగ్గర రికమెండెడ్ సెట్టింగ్స్ టిక్ తీస్తే దాని కింద ఈ ఆప్షన్ బయటపడుతుంది. క్రోమ్‌లో సెట్టింగ్స్, సిస్టమ్. ఆపగానే బాగైతే డ్రైవర్‌ను అప్‌డేట్ చేసి మళ్లీ ఆన్ చేయండి. ఆపేసి వదిలేస్తే వీడియోల భారమంతా సీపీయూ మీద పడి ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది.

సిస్టమ్ అప్‌డేట్ అయిన వెంటనే క్రోమ్‌లో ఇలా మొదలైతే, క్రోమ్ మూసి ప్రొఫైల్‌లోని జీపీయూక్యాష్ ఫోల్డర్‌ను తీసేయండి. మీ డేటా ఏదీ పోదు, ఆ ఫోల్డర్ దానంతటదే మళ్లీ తయారవుతుంది.

ఫైర్‌ఫాక్స్ 2023 డిసెంబర్‌లో వచ్చిన 121 వెర్షన్ నుంచి వేలాండ్ (తెర మీద విండోలను చూపించే కొత్త పద్ధతి, పాతది ఎక్స్11) డెస్క్‌టాప్‌ల మీద నేరుగా వేలాండ్‌లోనే నడుస్తోంది. ట్యాబ్‌ను లాగి వేరే విండోలో వేయబోతే మొండికేయడం, మెనూలు వేరే చోట తెరుచుకోవడం లాంటివి ఉంటే మోజ్_ఎనేబుల్_వేలాండ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువ 0 గా పెట్టి ఒకసారి నడిపి చూడండి. ఇప్పుడు ఏది వాడుతోందో అబౌట్:సపోర్ట్‌లో "విండో ప్రోటోకాల్" అన్న వరస చెబుతుంది.

మెయిల్‌లో లింక్ నొక్కితే కొత్త ట్యాబ్ రాదు, ప్రొఫైల్ వేరే చోట వాడుకలో ఉందంటోంది.

పాత ప్రాసెస్ ఇంకా మిగిలి ఉంది. సిస్టమ్ మానిటర్‌లో బ్రౌజర్ పేరు వెతికి ఎండ్ చేయండి. క్రోమ్‌లో ఏ ప్రాసెస్ లేకపోయినా "ఇంకో కంప్యూటర్‌లో" వాడుకలో ఉందని వస్తే, ఈ మధ్య మీ కంప్యూటర్ హోస్ట్‌నేమ్ మార్చారేమో గుర్తు చేసుకోండి. క్రోమ్ తాళం ఫైలులో పాత పేరు ఉండిపోతుంది. హోమ్‌లోని .కాన్ఫిగ్ కింద క్రోమ్ ఫోల్డర్‌లో సింగిల్‌టన్ అన్న పేరుతో మొదలయ్యే ఫైళ్లు తీసేస్తే తెరుచుకుంటుంది.

టెంప్ ఫోల్డర్‌లోని హెచ్‌టీఎంఎల్ ఫైలును ట్యాబ్‌లో తెరిస్తే ఫైలే లేదంటోంది. కళ్లముందు ఉంది కదా?

స్నాప్ బ్రౌజర్‌కు తనదంటూ వేరే టెంప్ ఫోల్డర్ ఉంటుంది, మీది దానికి కనిపించదు. చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డర్లు కూడా అంతే. ఫైలును డౌన్‌లోడ్స్‌లోకో డాక్యుమెంట్స్‌లోకో మార్చి తెరవండి.

ట్యాబ్ పేర్లలో తెలుగుకు బదులు డబ్బాలు వస్తున్నాయి.

తెలుగు ఫాంట్ లేదు. పేజీలో తెలుగు బాగానే వచ్చి ట్యాబ్ మీద మాత్రమే డబ్బాలు రావడం కూడా జరుగుతుంది, ఎందుకంటే సైట్ తన ఫాంట్‌ను పేజీకి తెచ్చుకుంటుంది కానీ ట్యాబ్ పేరు మీ సిస్టమ్ ఫాంట్‌తోనే గీయాలి. ఉబుంటు, డెబియన్, మింట్‌లలో ఫాంట్స్-టెలు అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయండి, ఫెడోరాలో నోటో సాన్స్ తెలుగు. తర్వాత బ్రౌజర్‌ను పూర్తిగా మూసి తెరవాలి. ఎఫ్‌సీ-లిస్ట్ :ల్యాంగ్=టీఈ అని కొడితే ఉన్న తెలుగు ఫాంట్లన్నీ కనిపిస్తాయి.

ఇవన్నీ చేసినా కుదరలేదు. ఎవరినైనా అడగాలంటే ఏం చెప్పాలి?

"ట్యాబ్ పనిచేయట్లేదు" అంటే ఎవరూ సాయం చేయలేరు. డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటిది) పేరు, వెర్షన్, బ్రౌజర్ స్నాపా ఫ్లాట్‌పాకా డెబ్ ప్యాకేజీయా, వేలాండా ఎక్స్11 ఆ, ఏం చేసినప్పుడు జరుగుతోంది, కొత్త ప్రొఫైల్‌లో కూడా వస్తోందా, ఇవి రాయండి. అబౌట్:సపోర్ట్ పైభాగంలో వివరాలన్నీ టెక్స్ట్‌గా కాపీ చేసే బటన్ ఉంది, దాన్ని వాడుకోండి. క్రాష్ అయితే అబౌట్:క్రాషెస్‌లో రిపోర్ట్‌ను పంపి, వచ్చిన లింక్ జత చేయండి. జర్నల్‌సీటీఎల్ చూపే చిట్టాలోంచి ఆ నిమిషానికి ముందూ వెనకా ఉన్న వరసలు కొన్ని అతికించండి. సెషన్ ఫైళ్లను మాత్రం ఎవరికీ పంపకండి, మీరు తెరిచిన ప్రతి పేజీ చిరునామా వాటిలో ఉంటుంది.